శూన్యభూమిలో బస : ‘అరేబియన్ సాండ్స్’ గ్రంథముపై విమర్శ

దేశాటన గ్రంథములు వ్రాయువారిలో రెండు తెగలు కలవు. ఒక తెగవారు తాము చూచిన వింతలను వర్ణింతురు. రెండవ తెగవారు ఆ రాత్రి ఎక్కడ దిగితిమి, నీరు దొరకెనా, కట్టెలు ఎవరు తెచ్చిరి, మిగిలిన పిండి ఎన్నినాళ్ళకు చాలును అను సంగతులను వ్రాయుదురు. మొదటివారిని చదివి మెచ్చుకొందుము. రెండవవారిని చదివి నమ్ముదుము. మన భాషలో ఈ రెండవ తెగకు పెద్దదిక్కు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండి, 1830లో కాశీయాత్రకు బయలుదేరి 1831లో తిరిగివచ్చిన ఆ పెద్దమనిషి, మజిలీ వెంట మజిలీగా వసతియు నీరును సరకులును ఎట్లున్నవో చిట్టా వ్రాసినట్లు వ్రాసిపెట్టిరి. ఆయన చెన్నపట్టణపు తెలుగువారగుటచే మనవంటి కుటుంబములకు మరింత దగ్గరివారని నా అభిప్రాయము. ఆయన గ్రంథమును ఇంట నుంచుకొన్నవారికి, ఇప్పుడు నేను చెప్పబోవు ఆంగ్లగ్రంథము కొత్తగా తోచదు.

ఆ గ్రంథము పేరు ‘అరేబియన్ సాండ్స్’, అనగా అరబ్బుదేశపు ఇసుకలు. వ్రాసినవాడు విల్ఫ్రెడ్ థెసిజరు. 1959లో అచ్చయినది. ఇతడు 1910లో అబిసీనియా రాజధానియగు అడిస్ అబాబాలో, బ్రిటిషు రాయబారి కుమారుడుగా జన్మించెను, 2003లో మరణించెను. మన దేశమునకు 1916 మొదలు 1921 వరకు వైస్రాయిగా నుండిన చెమ్స్‌ఫర్డు ప్రభువు ఇతనికి పినతండ్రియో పెదతండ్రియో కావలెను. ఆంగ్లేయుల ‘అంకుల్’ అను మాటలో ఆ భేదము తెలియదు. ఈటన్, ఆక్సుఫర్డులలో చదివి, సూడానులో ఉద్యోగము చేసి, యుద్ధములో పాల్గొని, 1945లో మిడతలదండు పుట్టుచోటులను వెదకు శాఖలో చేరి అరబ్బుదేశమునకు పోయెను. మిడతలు తనకొక సాకు మాత్రమేయని అతడే దాపరికము లేక ఒప్పుకొనుచున్నాడు. అతనికి కావలసినది ఎడారి.

ఆ ఎడారికి అరబ్బులు పెట్టిన పేరు రుబ్ అల్ ఖాలీ. రుబ్ అనగా నాలుగవ పాలు. ఖాలీ యనగా మనము ఇల్లు ఖాళీ చేసితిమి అనునపుడు వాడెడి ఖాళీయే. తురకభాషల ద్వారమున మన యింటిలోనికి వచ్చిన అరబ్బుమాట. కావున దానిని శూన్యభూమి అని పిలిచెదను. సౌదీ అరేబియా, ఒమాను, యెమెను, ఎమిరేట్సు అను నాలుగు రాజ్యములలో పరచుకొని, ఇంచుమించు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటరుల పరిమాణము గల ఇసుకసముద్రమది. నదులు లేవు. ఊళ్ళు లేవు. కొన్ని తావులలో వరుసగా కొన్ని యేండ్లు చినుకు పడదు. అక్కడక్కడ నున్న బావులలోని నీరు తరచుగా చవుటినీరు. కొన్నిటిని ఒంటెలు సైతము మూతితో ముట్టి వెనుకకు తీయును.

థెసిజరుకు ముందే ఇద్దరు ఆంగ్లేయులు ఈ భూమిని దాటిరి. 1930-31లో దాటిన బెర్‌ట్రాము థామసు మొదటివాడు. ఇతడు యౌవనమున తపాలా కచేరీలో పనిచేసినవాడని తెలిసి, గుమాస్తా జాతివాడనగుటచే నాకు కొంత గర్వము కలిగినది. రెండవవాడు ఫిల్బీ. సింహళములో పుట్టి, పంజాబులో ఐ.సి.యస్. ఉద్యోగము చేసి, తరువాత ఇస్లాము స్వీకరించి, 1932లో దాటెను. అతడు ఇసుకలో పూడిపోయినదని కథలలో వినబడు నగరము కొరకు వెదకి, ఆ చోట ఉల్కలు పడి యేర్పడిన గుంటలను కనుగొనెను. ఈ ఇరువురి గ్రంథములును మంచివే. కాని థామసు గ్రంథములో అధికారి కనబడును. ఫిల్బీ గ్రంథములో పండితుడు కనబడును. రాత్రిపూట నెగడు చుట్టును కూర్చుండిన మనుష్యులు థెసిజరు గ్రంథములోనే కనబడుదురు.

థెసిజరు రెండుమారులు శూన్యభూమిని దాటెను: 1946-47లో ఒకసారి, 1948 ఆరంభములో మరియొకసారి. మొదటిసారి బయలుదేరినపుడు వెంట చాలమంది యుండిరి. ఎడారి అంచునకు వచ్చుసరికి అందులో పెక్కురు జంకి వెనుకకు మరలిరి. మిగిలినవారు ఐదుగురు: థెసిజరు, రషీదు తెగవాడగు ముహమ్మద్ అల్ ఔఫ్, అదే తెగలోని బిన్ కబీనా అను యువకుడు, బైత్ కథీర్ తెగవారు మబ్‌ఖౌత్, ముసల్లిమ్. ఈ ఐదుగురిలో ఆ దారి తెలిసినవాడు అల్ ఔఫ్ ఒక్కడే. ఉరూఖ్ అల్ షైబా యను పేరు గల ఇసుకతిన్నెలు అడ్డముగా నిలిచెను. అవి ఆరేడు వందల అడుగుల యెత్తున లేచిన కొండలు; కాలు మోపినచో జారిపోవు కొండలు. ఒంటెలను ముందు పట్టి లాగుచు, వెనుకనుండి నెట్టుచు ఒక్కొక్క తిన్నెను ఎక్కిరి. ఒకటి ఎక్కి మురిసినచో దాని యావల అంతకంటె పెద్దది. ఆ ఘట్టములో థెసిజరు ఒక్క అలంకారమును వాడలేదు. భయమును భయమనియే, అలసటను అలసటయనియే వ్రాసినాడు.

ఈ గ్రంథమును ఒక వీరుని ఒంటరి సాహసముగా పొగడుట వాడుక యైనది. నేను దీనిని రెండుమారులు చదివితిని. రెండవమారు చదువునపుడు, ఈ ఐదువందల మైళ్ళ ఇసుకలో అతడు ఒంటరిగా నుండిన రాత్రి యొక్కటియైన కలదా యని వెదకితిని. గ్రంథకర్తయే గ్రంథారంభమున దానిని బిన్ కబీనాకును బిన్ ఘబైషాకును అంకితము చేసినాడు. బిన్ ఘబైషా కూడ రషీదు యువకుడే. తరువాతి ప్రయాణములలో చేరినవాడు. అంకితపత్రమును దాటి నేరుగా సాహసములోనికి పోవు పాఠకుడు గ్రంథము తలుపు తెరువకయే కిటికీలో తొంగిచూచినవాడగును.

ఎడారిలో బస యనగా నేమో ఈ గ్రంథమువలన తెలియునంత స్పష్టముగా మరియే గ్రంథమువలనను నాకు తెలియలేదు. మనము ప్రయాణములో దిగుటకు చోటు వెదకునపుడు నీడ చూతుము, నీరు చూతుము, పాములు పురుగులు లేని చదునైన నేల చూతుము. బదూలు చూచునది ఒంటె మేత. ఎక్కడో ఎప్పుడో కురిసిన వానకు మొలచి, కొన్ని యేండ్లు పచ్చగా నిలిచెడి అబల్ పొదలు నాలుగు కనబడినచో అదే మకాము. మనుష్యుడు ఇసుకలో ఎట్లైనను పండుకొనగలడు. ఒంటె తినకున్న రేపటి నడక లేదు, నడక లేకున్న బావి లేదు, బావి లేకున్న మనుష్యుడే లేడు. కావున దిగిన వెంటనే జీనులు దింపి, ఒంటెల ముందరికాళ్ళకు బందము వేసి మేతకు వదలుదురు. తరువాతనే తమ పని. గుడారము లేదు. మంచము సంగతి చెప్పనక్కరలేదు. సామాను మూటలే గోడ, ఆకాశమే పైకప్పు. చలికాలపు రాత్రులలో ఆ ఎడారి ఎముకలు కొరికెడి చలితో నుండునని చదివినపుడు, ఎడారి యనగా మండుటెండ యొక్కటియే యనుకొను మనకు ఆశ్చర్యము కలుగును.

పిండిని కొలిచి తీయుదురు. నీటితో ముద్దచేసి నిప్పులలోను వేడి ఇసుకలోను పూడ్చి కాల్తురు. పైన మాడి, లోపల పచ్చిగా నుండు ఆ రొట్టెను సమానముగ విరుతురు. మాంసము దొరకిన దినమున పాళ్ళు వేసి, ఎవరి పాలు ఏదో చీట్లు వేసి తేల్తురు. నీరు మేకతోలు తిత్తులలో నుండును. తిత్తి చెమర్చును. ఎండకు కొంత, కారుటవలన కొంత ప్రతిదినమును తగ్గును. సాయంకాలమున తిత్తిని చేతితో తట్టి చూచి ఎన్ని దినములు మిగిలినవో లెక్కకట్టుదురు. బావి చేరినపుడు సైతము వెనుకబడిన తోడివాడు వచ్చువరకు నోరు తడుపుకొనరు. నేను ముప్పదియేండ్లు సరకుల ఆవర్జాలు వ్రాసినవాడను. నిల్వ ఎంత, ఖర్చు ఎంత, ఎవరి పేర ఎంత పోయినది అని దినము దినము చూచుకొన్నవాడను. ఆవర్జాలో తూకము తగ్గినచో సంజాయిషీ వ్రాసి సరిపెట్టవచ్చును. తిత్తిలో తగ్గినచో సంజాయిషీ చెప్పుకొనుటకు మనిషి మిగులడు. థెసిజరు శైలికి గల బలము ఈ లెక్కవలన వచ్చినది. అతని ఆంగ్లము చక్కగా వ్రాసిన పద్దువలె నుండును: తేదీ, సరకు, తూకము, సంతకము. వర్ణన కావలసినవారికి అందులో వర్ణన తక్కువ. సూర్యాస్తమయములు మూడునాలుగు కలవు గాని అవియు క్లుప్తముగా ముగియును.

1948 నాటి రెండవ ప్రయాణములో మన్‌వఖ్ బావివద్ద నీరు నింపుకొని బయలుదేరినవారికి, తరువాతి బావి దొరకినది పదునారు దినములకు. ఆ పదునారు దినములలో నీటి భయముకంటె మనుష్యుల భయమే ఎక్కువ. ఎడారికి ఆవల నున్న తెగలవారికి రషీదువారితో పగ. అదిగాక వెంట నున్నవాడు క్రైస్తవుడు. చివరకు సులైయిల్ గ్రామములో, అనుమతి లేక వచ్చినందులకు ఇబ్న్ సౌద్ రాజుగారి ఆజ్ఞపై వారిని నిర్బంధించిరి. ఫిల్బీ రాజుగారితో మాటలాడి విడిపించెను. ఎడారి దాటినవానిని ఊరు బంధించినదన్నమాట.

ఇక ఈ గ్రంథమునకు గుండెకాయ యనదగిన ఘట్టమును చెప్పెదను. మొదటి ప్రయాణములో ఇసుకలు దాటి వచ్చుచుండగా ముసల్లిమ్ ఒక బొరియలో చేయిపెట్టి కుందేలును పట్టెను. ఆకలితో నెన్నో దినములుగా నలిగిపోయిన ఐదుగురును, దానిని ఎట్లు వండవలెనను విషయమునే దారిపొడుగున చర్చించిరి. ఉన్న కొద్ది నీటిలోనే కొంత దానికి విడిచిరి. కూర ఉడికినది, రొట్టె కాలినది, అందరును కూర్చుండిరి. అప్పుడు తిన్నెల మీద ముగ్గురు అరబ్బులు కనబడిరి. వచ్చిరి. బదూలు లేచి వారిని ఆదరించి, కుశలములడిగి, రొట్టెయు కుందేలుకూరయు వారిముందు పెట్టి, మీరు మా అతిథులు, దేవుడే మిమ్ము పంపినాడు, తినుడనిరి. మీరును రండని అతిథులు పిలిచినను, మేము ముట్టమని ఒట్లు పెట్టుకొనిరి. అట్లు పలికినవారిలో థెసిజరును ఒకడు. కాని ఆ నిమిషమున తన మనసులో హత్య చేయదగినంత కోపము రగిలినదనియు, అది ముఖములో కనబడకుండ జాగ్రత్తపడితిననియు అతడు వ్రాసినాడు.

ఈ ఒక్క ఒప్పుకోలు కొరకు ఈ గ్రంథమును నేను ఎందరికైనను సిఫారసు చేయుదును. మనలో అతిథిపూజ పెద్దమాట. మన పురాణములలో దానికి కథలు కావలసినన్ని. ఆ కథలలో అన్నము పెట్టినవాని కడుపులోని మంట చెప్పబడదు. థెసిజరు దానిని చెప్పెను. చెప్పుటచేత తన తోడివారు తనకంటె ఎంత పైన నున్నారో, పొగడ్త మాట యొకటియు లేకుండ చూపగలిగెను. వారికి కోపము రాలేదా? వచ్చియుండవచ్చును, అతనికి తెలియదు, మనకును తెలియదు. కాని రేపు తామే ఆ తిన్నెమీద ఆకలితో నిలిచి మరియొకరి నెగడును చూడవలసిన దినము రావచ్చునని ఆ మువ్వురికిని ఈ నలువురికిని తెలియును. ఆ యిసుకలో పెట్టుపోతలకు ఆవర్జా లేకున్నను బాకీ మాత్రము ఎవరును మరచిపోరు.

ఇట్టివే మరి రెండు కలవు. చింపిరిగుడ్డలతో నొక ముసలివాడు ఎదురగును. బిన్ కబీనా వానిని మిక్కిలి గౌరవముతో పలుకరించును. ఎవరితడని థెసిజరు అడుగగా, ఇతడొకనాడు గొప్ప ధనవంతుడు, గుడారమునకు వచ్చిన ప్రతియతిథికిని ఒక ఒంటెను కోసి పెట్టి ఇట్లయినాడని చెప్పును. ఆ చెప్పుటలో జాలి లేదు, అసూయ కలదు. మరియొకచోట ఆ బిన్ కబీనాయే చలిలో అంగీతో మాత్రము నిలిచి, లోపలికట్టుకొను గుడ్డ ఎవరో అడిగిరని యిచ్చివేసితిననును. ఈ చిన్న ఘట్టములు ఎడారిలోని మహాతిన్నెలకంటె ఎక్కువకాలము మనసున నిలుచును.

అల్ ఔఫ్ అడుగుజాడలను చదువు ఘట్టము కూడ తప్పక చూడదగినది. ఇసుకపై ఒంటెల గుర్తులుండును. మనకైనచో అవి గుంటలు. అల్ ఔఫ్ ఒంటెనుండి దిగి చూచి, అచట పడియున్న ఎండుపేడను చేతితో నలిపి, పోయినవారు ఎందరో, ఏ తెగవారో, ఎక్కడ కొల్లగొట్టి ఎన్ని ఒంటెలను తోలుకొని పోయిరో, ఎన్నినాళ్ళయినదో చెప్పును. అరికాలి మెత్తదనమువలన ఇసుకదేశపు ఒంటెయో రాతినేల ఒంటెయో, పేడవలన అది మేసిన మేత యెక్కడిదో తెలియునట. అక్షరము వ్రాయనేరని ఈ మనుష్యుని చదువు ముందు మన మెట్రిక్యులేషను చదువులు ఏపాటివి? తెలుగు నిఘంటువులలో ఒంటెకు లొట్టిపిట యను ముచ్చటైన మాట యొకటి కలదు. ఆ మాట తెలిసినవారు మనలో కొందరుండవచ్చును. లొట్టిపిటను తెలిసినవారు వారు.

మెచ్చుకొనవలసినది ఇంత యున్నది. దోషములను కూడ చెప్పవలెను.

మొదటిది: ఈ గ్రంథములో స్త్రీలు లేరనియే చెప్పవచ్చును. గుడారములను నేసినవారు, మేకలను కాచినవారు, తిత్తులకు తోలు పదునుచేసినవారు ఎవరు? పురుషులతో మాత్రము తిరిగినవాడు పురుషుల లోకమునే చూచెను, అది సహజమే. కాని అదే బదూల సమస్తజీవితమని వ్రాసిన చోటులలో ఆవర్జాలో సగము పుట చినిగినది. రెండవది: కొల్లగొట్టుటయు పగతో చంపుటయు అతనికి చాలవరకు శౌర్యముగా కనబడినవి. పగకు చంపబడిన పిల్లవాని కథను కూడ అతడు చెప్పునుగాని, చెప్పి ముందునకు సాగును. ఆ పిల్లవాని తల్లి దగ్గర ఆగడు. మూడవది డబ్బు. అతడు తోడివారికి మరియా థెరిసా వెండినాణెములు ఇచ్చెను, తుపాకులు ఇచ్చెను. దానిని దాచలేదు. కాని స్నేహము, కూలి అను రెండును ఒకే సంచిలో నున్నపుడు వానిని విడదీసి చూపుట విమర్శకుడు కోరును. థెసిజరు స్నేహమును పెద్దయక్షరములతోను కూలిని చిన్నయక్షరములతోను వ్రాసెను.

వీనికంటె పెద్దది నాల్గవ దోషము, దానిని దోషమనుటకంటె లోపలి బీట యనుట మేలు. థెసిజరు సిద్ధాంతము ఇది: కష్టమువలననే బదూ గొప్పవాడైనాడు, కష్టము తొలగినచో ఆ గొప్పదనము తొలగును, మోటారును చమురును వచ్చి ఆ లోకమును నాశనము చేసినవి. ఖాబా బావివద్ద, తోడివారిలో కొందరు లీవా పల్లెలకు ఆహారము కొనుటకు పోగా, మూడు దినములు ఆకలితో పడియుండి, అప్పుడు సైతము కుర్చీలో కూర్చుండి కడుపునిండ తిని రేడియో వినుటకంటె ఇదే మేలని తనకు తోచెనని వ్రాసినాడు. ఆ మాట నిజమేనని నేను నమ్ముదును. కాని ఆ కుర్చీయు ఆ రేడియోయు అతనికి లండనులో ఉండెను. ప్రయాణము ముగిసినపిమ్మట వానివద్దకు పోవచ్చును; పోయెను కూడ. బిన్ కబీనాకు అట్టి కుర్చీ యెక్కడను లేదు. ఉపవాసము చేయువాడును అన్నము లేనివాడును ఒకే పూట భోజనము మానవచ్చును. ఇరువురి ఆకలి ఒక్కటి కాదు.

ఈ బీటను థెసిజరు చూడలేదనుట అన్యాయము. తాను గీచిన పటములే ధనాశతో వచ్చెడి ఇతరులకు దారిచూపెనని అతడే వ్రాసినాడు. అంతవరకు ధైర్యవంతుడు. కాని ఎంచుకొను హక్కు దొరకినపుడు బదూలు ఏమి యెంచుకొందురను ప్రశ్నను మాత్రము అడుగలేదు. కాలమే జవాబు చెప్పినది. అబుదాబీనుండి 1962లో చమురు ఎగుమతి మొదలైనది. థెసిజరు 1977లో మరల పోయి చూచినపుడు పాతతోడివారు మోటారుబండ్లు గలవారైరి. అతడు నొచ్చుకొనెను, అబుదాబీని చూచి పీడకలయనెను. ఏ తిన్నెలనెక్కి ఐదుగురు ప్రాణములు అరచేత పెట్టుకొనిరో ఆ షైబా పేరనే ఒక చమురుక్షేత్రము 1998లో పనికి వచ్చినది. కరీంనగరము, కడప, గోదావరి జిల్లాలనుండి పోయిన మన తెలుగు కూలివారును మేస్త్రీలును ఆ తీరపట్టణములలో గోడలు కట్టుచున్నారు. ఎడారిలో ఎండ వారిని కూడ కాల్చును. వారి కష్టమునుగూర్చి ఎవరును ఇట్టి గ్రంథము వ్రాయలేదు, అది గొప్పదని మురియలేదు.

ఇక్కడ మన సంగతి యొకటి చెప్పుకొనక తప్పదు. తరతరములుగా ఇతరభాషల నడుమ కాపురమున్న మన యూళ్ళకు ఆంధ్రదేశమునుండి పెద్దలు అప్పుడప్పుడు వచ్చుచుందురు. మన ముసలమ్మల నోట పాతపలుకు వినబడినచో వారి కన్నులు చెమర్చును. “ఈ మాట మాయొద్ద పోయి ఎన్నాళ్ళయినదో! మీరు దీనిని విడువరాదు సుమండీ” అని చెప్పి, ఫలహారము చేసి, రాత్రి రైలు ఎక్కుదురు. ఆ మెప్పు నిజమైనదే. అందు కపటము లేదు. కాని మన పిల్లవాడు ఏ భాషలో పరీక్షకు కూర్చుండవలెను, ఉద్యోగపు దరఖాస్తు ఏ భాషలో వ్రాయవలెను, మన ఆడపిల్ల అత్తవారింట ఏ భాష మాటలాడవలెను అను చిక్కులు వారి మూటలో చేరవు. మనము మారకుండ నున్నచో వారికి సంతోషము. మారక నిలుచుటకు అగు ఖర్చు మాత్రము మన పేర వ్రాయబడును. థెసిజరు విలాపమును చదువునపుడు నాకు ఆ పెద్దలు కన్నులకు కట్టిరి. అందుచే ఆ విలాపమును నేను పూర్తిగ కాదనలేను, పూర్తిగ ఔననలేను. పోయినదానికై ఏడ్చు హక్కు చూచినవానికి కలదు. పోరాదని శాసించు హక్కు అక్కడనే ఉండి బ్రదుకవలసినవానిదే.

ఈ కాలమున కొందరు పట్టణవాసులు నాలుగుచక్రములకును శక్తిగల మోటారులలో నీటిడబ్బాలు పేర్చుకొని, ఏ వసతియు లేని ఎడారిలో రెండు రాత్రులు గడపి వచ్చుట వేడుకగా చేయుచున్నారు. లీవా తిన్నెలకు సైతము అట్లు పోవుచున్నారు. అందులో తప్పు లేదు. నక్షత్రములను చూచుటకు ఎవరి అనుమతి కావలెను? వారు ఈ గ్రంథమును వెంట తీసికొనిపోయినచో, తమ బసకును ఆ బసకును గల భేదము గుడారములో లేదని గ్రహింతురు. తమ డబ్బాలోని నీరు తమది. ఆ తిత్తిలోని నీరు, తిన్నెమీద ఎవడు కనబడినను వానిది కూడ.

ఛాయాచిత్రములు థెసిజరే తీసినవి. తెలుపు నలుపు చిత్రములు. మనుష్యుల ముఖములు ఇసుకంత చక్కగా వచ్చినవి. మొదటిసారి చదువువారు పూర్వచరిత్ర చెప్పు ఆరంభాధ్యాయమును త్వరగా దాటి, శూన్యభూమి అంచునకు చేరిన చోటునుండి మెల్లగ చదువవలెను. ఒమాను రాజకీయములు చెప్పు చివరిభాగములో కొంత విసుగు కలుగును. పేర్లు ఎక్కువ, వంశములు ఎక్కువ. వాని కొరకు ప్రక్కన కాగితముంచుకొని వ్రాసికొనినగాని నాకు సాగలేదు.

గ్రంథాంతమున 1950లో దారులన్నియు మూసికొనిపోయి అతడు ఆ దేశమును విడుచును. విమానమెక్కు ముందు బిన్ కబీనాతోను బిన్ ఘబైషాతోను వీడ్కోలు. స్వదేశమునకు పోవుచున్న ఆ మనిషి, దేశబహిష్కృతుని బాధ యెట్లుండునో తనకప్పుడు తెలిసినదని వ్రాసి గ్రంథమును ముగించినాడు. ఆ మాట నన్ను కదలించినది. కాని వారిద్దరిని గూర్చి మరి రెండు వాక్యములున్న బాగుండెడిది. విమానము లేచిపోయిన పిమ్మట ఆ యువకులు ఆ రాత్రి ఎక్కడ దిగిరో, ఏమి వండుకొనిరో గ్రంథములో లేదు.